విచర్ 3: మూడుసార్లు ముగించిన తర్వాత

కడపలో మా మిద్దె మీది గదికి నాపరాళ్ల కప్పు ఉంది. వేసవిలో రాత్రి పదకొండు దాటితే గాని ఆ రాళ్లలోని వేడి దిగదు కాబట్టి, 2018 ఏప్రిల్‌లో ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ అనే వీడియో గేమ్‌ను మొదలుపెట్టినప్పుడు నేను ఆడిన గంటలన్నీ నడిరాత్రి గంటలే. మొదటిసారి ముగించడానికి ఆ ఏడాది దసరా వచ్చింది. రెండోసారి 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఆడాను. 2022 డిసెంబరు 14న పెద్ద అప్‌డేట్ వచ్చిన తర్వాత మూడోసారి, ఈసారి అత్యంత కఠినమైన స్థాయిలో, మొదటి నుంచి చివరిదాకా ఆడాను. అన్నీ కలిపి నా లెక్కలో నాలుగు వందల గంటలు దాటాయి.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015 మే 19న విడుదల చేసిన ఈ యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ 2023 నాటికి ఐదు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. కొత్తగా చేతికి తీసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, మా అక్క కొడుకు వారిలో ఒకడు. ఈ గేమ్ గురించి చదివే పొగడ్తల్లో ఎక్కువ భాగం మొదటి యాభై గంటల సంబరంలో రాసినవి. ఆ సంబరం తీరిన తర్వాత నాకు మిగిలిన అభిప్రాయం ఇది: ఇందులోని మనుషులు, ఊళ్లు, మాటలు మనల్ని ఒక లోకాన్ని నమ్మేలా చేస్తాయి, లెవెళ్లు, అంకెలు, సంచిలో పోగుపడే సామాను ఆ నమ్మకాన్ని మాటిమాటికీ చెడగొడతాయి. నమ్మకం ఎక్కువసార్లు గెలుస్తుంది కాబట్టే మూడుసార్లు ఆడాను. అయినా ఓడిన చోట్లను కూడా నిజాయితీగా చెప్పాలి.

తెలియనివారి కోసం రెండు మాటలు. గెరాల్ట్ అనే విచర్, అంటే డబ్బు తీసుకుని భూతాలను, వింత మృగాలను వేటాడే వృత్తివాడు, ఇందులో మన పాత్ర. అతని వీపున రెండు కత్తులు ఉంటాయి. ఉక్కు కత్తి మనుషులకు, మామూలు జంతువులకు. వెండి కత్తి భూతాలకు. చేతి ముద్రలతో వేసే ఐదు చిన్న మంత్రాలు ఉన్నాయి: తోసేసే ఆర్డ్, నిప్పు వెదజల్లే ఇగ్ని, నేలమీద ఉచ్చు పన్నే యర్డెన్, కవచంగా నిలిచే క్వెన్, ఎదుటి మనసును లొంగదీసే ఆక్సి. తాను కూతురిలా పెంచిన సిరిని వెతుక్కుంటూ గెరాల్ట్ యుద్ధం నలిపేసిన ఊళ్ల మీదుగా, నొవిగ్రాడ్ నగరం గుండా, స్కెలిగె ద్వీపాల దాకా తిరగడమే ప్రధాన కథ.

ఈ గేమ్ బలం ఎక్కడుందో చెప్పమంటే నేను ప్రధాన కథను చూపించను. మొదటి ప్రాంతమైన వైట్ ఆర్చర్డ్‌లోని ఒక బావిని చూపిస్తాను. అక్కడి గ్రామస్థుడు ఒకడు తన కూతురు జబ్బుపడిందని, మంచినీళ్ల కోసం పాడుబడిన పల్లెలోని బావి దగ్గరికి పోవాలంటే మధ్యాహ్నం పూట ఒక దయ్యం అడ్డుపడుతోందని చెబుతాడు. కూలి ఎంతో అతనితో బేరమాడవచ్చు. మరీ ఎక్కువ అడిగితే అతని చిరాకును చూపే గీత పెరుగుతూ పోతుంది. పల్లెకు వెళ్లి కూలిన ఇళ్లలో వెతికితే ఒక డైరీ దొరుకుతుంది, బావిలో ఒక శవం వేలాడుతూ ఉంటుంది, దాని చేతి కడియం బావి అడుగున ఉంటుంది. నీళ్లలోకి దిగి కడియం తీసి, సొరంగం గుండా బయటపడి, ఆ రెండింటినీ కలిపి దహనం చేస్తేనే ఆ ఆడమనిషి దయ్యం తుది పోరుకు దిగుతుంది. ఊరికే కత్తి ఊపితే పెద్దగా ఫలితం ఉండదు. యర్డెన్ ఉచ్చులోకి వచ్చినప్పుడే ఆమెకు ఒళ్లంటూ ఏర్పడుతుంది, అప్పుడే దెబ్బ సరిగా తగులుతుంది.

మొదటిసారి ఆ బావి దగ్గర నిలబడినప్పుడు నాకు మా జేజి గుర్తుకొచ్చింది. జమ్మలమడుగు వైపు మా ఊళ్లో, జొన్నచేను పక్కనున్న మోటబావి వైపు పిల్లలు ఎండపూట పోకుండా ఆమె ఒకే మాట అంటూ ఉండేది: “మిట్టమద్యానం బాయికాడికి పోవాకండి, గాలి సోకుతాది.” ఎండదెబ్బ తగిలి పడిపోయినవాళ్లకు కూడా గాలి సోకిందనే అనేవాళ్లు. ఈ గేమ్‌లో ‘నూన్‌రెయిత్’ అని పిలిచే ఆ మధ్యాహ్నపు దయ్యం స్లావిక్ జానపద నమ్మకాల నుంచి వచ్చింది. కోతల కాలంలో నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పొలాల్లో తిరిగి, పనిచేసేవాళ్లను పడగొట్టే స్త్రీగా అక్కడి పల్లెల్లో చెప్పుకునేవారు. ఎక్కడి పోలండ్, ఎక్కడి కడప! ఎండకు, బావికి, దయ్యానికి మధ్య అక్కడి రైతు వేసిన ముడినే మా జేజి కూడా వేసింది. దీన్ని తయారుచేసినవారు తమ పల్లెల నమ్మకాలను అలంకారంగా వాడుకోలేదు. ఆ నమ్మకం వెనకనున్న భయాన్ని, నీటి అవసరాన్ని, జరిగిపోయిన అన్యాయాన్ని కూడా కలిపి చూపించారు. అందుకే మన ప్రాంతంవాడికి కూడా అది పరాయిగా అనిపించదు.

ఇలాంటి వేట ఒప్పందాలు ఈ గేమ్‌లో చాలా ఉన్నాయి. వీటిలో అసలు ఆనందం పోరాటం కంటే పోరాటానికి ముందు చేసే సన్నాహంలో ఉంది. ఏ భూతానికి ఏ నూనె పనిచేస్తుంది, ఏ మంత్రానికి అది లొంగుతుంది అన్న వివరాలు గెరాల్ట్ పుస్తకంలో చేరుతూ ఉంటాయి. వాటిని చదివి కత్తికి నూనె పూసి, మందు తాగి, బాంబు సిద్ధం చేసుకుని దిగాలి. మందుల ఏర్పాటు కూడా తెలివైనది. ఉదాహరణకు, గాయాలు మాన్పే ‘స్వాలో’ అనే మందును మూలికలతో, నీటిదయ్యపు మెదడుతో, ఘాటైన సారాయితో ఒక్కసారి కాచుకుంటే చాలు. ఆ తర్వాత ధ్యానంలో కూర్చున్న ప్రతిసారీ సంచిలోని సారాయిని వాడుకుని సీసాలన్నీ వాటంతట అవే నిండుతాయి. పదేపదే మూలికలు ఏరే బాధ ఉండదు. మరోవైపు ఎక్కువ మందులు ఒకేసారి తాగితే ఒంట్లో విషం పెరుగుతుంది కాబట్టి ఏది అవసరమో ఆలోచించక తప్పదు.

అయితే ఈ సన్నాహం విలువ మీరు ఎంచుకునే కఠినస్థాయిని బట్టి ఉంటుంది. మొత్తం నాలుగు స్థాయిలున్నాయి. కింది రెండింటిలో ధ్యానం చేస్తే చాలు, ఒంట్లోని గాయాలు మాయమవుతాయి, నూనెలూ మందులూ గుర్తు కూడా రావు. పై రెండింటిలో ధ్యానం గాయాలను మాన్పదు. తిండి, మందు, క్వెన్ కవచం, ఒడుపుగా పక్కకు తప్పుకోవడం, ఇవే దిక్కు. నేను మొదటిసారి రెండో స్థాయిలో ఆడి ఈ గేమ్‌లో సగం చూడకుండానే ముగించానని మూడోసారి గాని తెలియలేదు. పట్టుగా ఆడదలచుకున్నవారు మూడోదైన ‘బ్లడ్ అండ్ బ్రోకెన్ బోన్స్’తో మొదలుపెట్టడం మంచిది. కథ కోసమే ఆడేవారికి కింది స్థాయి తప్పేమీ కాదు.

ఇక లోపాల్లో పెద్దది. ఈ గేమ్‌లో ప్రతి శత్రువుకు, ప్రతి కత్తికి, ప్రతి క్వెస్ట్‌కు, అంటే గెరాల్ట్‌కు అప్పగించే పనికి, బలాన్ని సూచించే ఒక లెవెల్ అంకె ఉంటుంది. మీ లెవెల్ కంటే ఆరు ఎక్కువున్న శత్రువు నెత్తిన పుర్రె గుర్తు కనిపిస్తుంది, అతడు మామూలు దొంగే అయినా మీ కత్తికి చెక్కుచెదరడు. లోకంలో పేరుమోసిన విచర్, గద్ద తల, సింహం ఒళ్లు ఉండి ఆకాశంలో ఎగిరే గ్రిఫిన్‌ను కిందికి దింపి చంపినవాడు, మైలు దూరం పోగానే చిరిగిన చొక్కా వేసుకున్న దారిదోపిడీగాడి చేతిలో రెండు దెబ్బలకు పడిపోతాడు. ఆ దొంగలో ప్రత్యేకతేమీ లేదు, అతని పక్కనున్న అంకె పెద్దది, అంతే. గ్రిఫిన్ వేటలో ఊరి వేటగాడి సాయంతో ఆనవాళ్లు వెతికి, ఎర కోసం నది అడుగున మొక్క తెంపి, ఇంతకష్టం పడి సంపాదించుకున్న నమ్మకం ఆ క్షణంలో పోతుంది.

కత్తుల సంగతి కూడా ఇంతే. వెలెన్ అనే ప్రాంతంలో ఒకసారి గుహ అడుగున, చీకటిలో చూడడానికి ‘క్యాట్’ మందు తాగి, ఇద్దరు ముగ్గురు భూతాలను దాటుకుని పెట్టె తెరిస్తే మంచి వెండి కత్తి దొరికింది. దాన్ని పట్టుకోవాలంటే నా లెవెల్‌కు ఇంకా తొమ్మిది కావాలి. ఆ తొమ్మిది లెవెళ్లు పెరిగేదాకా దాన్ని మోసి, తీరా వాడే రోజు వచ్చేసరికి రోడ్డు పక్క ఒక దొంగ శవం దగ్గర దానికంటే మెరుగైన కత్తి దొరికింది. కష్టపడి సంపాదించినదానికి, ఊరికే దొరికినదానికి తేడా లేకుండా పోయినప్పుడు వెతకాలన్న ఉత్సాహం మనిషిలో చచ్చిపోతుంది. విచర్ల ప్రత్యేక కవచాలు మాత్రం ఈ లోపాన్ని కొంత పూడుస్తాయి. పిల్లి, ఎలుగు, గ్రిఫిన్, తోడేలు పేర్లతో ఉన్న ఈ జతల నమూనా కాగితాలను పాత కోటల్లో, సమాధుల్లో ఉత్తరాలు చదువుతూ వెతుక్కోవాలి. ఒకసారి చేయించుకుంటే వాటినే మెట్టుమెట్టుగా మెరుగుపరచుకోవచ్చు. మూడోసారి ఆడినప్పుడు నేను మిగతా ఆయుధాలన్నిటినీ పక్కన పెట్టి వీటినే నమ్ముకున్నాను, ఆట ఎంతో కుదుటపడింది.

లెవెళ్ల వల్ల ఇంకొక నష్టం కూడా ఉంది. క్వెస్ట్ లెవెల్ మీకంటే బాగా కిందికి పోయిందంటే జాబితాలో అది బూడిద రంగుకు మారుతుంది, దానివల్ల వచ్చే, లెవెల్ పెంచే అనుభవం పాయింట్లు దాదాపు సున్నా. మంచి కథలున్న చిన్న క్వెస్ట్‌లు అనేకం ఇలా వెనకబడిపోతాయి. నేను రెండోసారి ఆడినప్పుడు పాయింట్ల కోసం వాటిని వదిలేశాను. మూడోసారి పాయింట్ల లెక్క పూర్తిగా మానేసి ఆడాను. ఎంత తప్పు చేశానో అప్పుడు తెలిసింది.

పైగా కఠినత్వం తలకిందులుగా సాగుతుంది. పైస్థాయిలో మొదటి పది గంటలు నాలుగు నీటిదయ్యాలు ఒకేసారి మీద పడితే ప్రాణం మీదికొస్తుంది. ఇరవై ఐదో లెవెల్ దాటిన తర్వాత అదే స్థాయిలో చాలా పోరాటాలు చప్పగా మారతాయి. దీనికి ముఖ్య కారణం క్వెన్. ఆ కవచాన్ని పెంచుకున్నవాడు తప్పు చేసినా పెద్దగా శిక్ష పడదు. శత్రువుల లెవెల్‌ను మనతో సమానంగా పెంచే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంది గానీ, దాన్ని పెడితే ఎలుకలు కూడా యోధులవుతాయి. నేను క్వెన్‌ను పెద్ద పోరాటాలకు తప్ప వాడకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఆటలో ఉండాల్సిన పట్టు ఆడేవాడి నియమంతో రావడం లోపమే.

చేతికి తగిలే పోరాటం మాత్రం, అంకెలను మరిచిపోతే, బాగుంటుంది. వేగపు దెబ్బ, బలమైన దెబ్బ, పక్కకు చిన్న అడుగు, పొర్లడం, ఎదురుదెబ్బ, ఇంతే సరంజామా. పొర్లడం అలవాటు చేసుకున్నవారు దాన్ని తగ్గించి, చిన్న అడుగుతో దెబ్బ తప్పించుకుని వెంటనే తిరగబడడం నేర్చుకుంటే అది నాట్యంలా సాగుతుంది. విల్లులాంటి చిన్న క్రాస్‌బో నేల మీద పనికిరాదు, ఎగిరే జంతువును కిందికి దింపడానికి, నీళ్లలో ఈదేటప్పుడు నీటిదయ్యాలను కొట్టడానికి మాత్రం తిరుగులేదు. 2022 అప్‌డేట్‌లో కంట్రోలర్ మీద మెనూ తెరవకుండానే మంత్రాలు మార్చే వీలు రావడంతో పోరాటం లయ ఎంతో మెరుగైంది.

ఇప్పుడు వెలెన్‌లోని బ్యారన్ కథ గురించి చెప్పాలి. ముందుగా తెలుసుకోవడం ఇష్టంలేనివారు ఈ పేరాను దాటేయండి. తాగి భార్యను కొట్టే అలవాటున్న, బ్యారన్ అని పిలిచే ఒక సైనికాధికారి, తన భార్యాకూతుళ్లు ఎక్కడికో పోయారని, వెతికిపెడితే సిరి గురించి తనకు తెలిసింది చెబుతానని అంటాడు. వెతకగా వెతకగా గర్భస్రావమై, పేరు పెట్టకుండా పాతిపెట్టిన శిశువు భూతంగా మారిందని తెలుస్తుంది. దాన్ని చంపవచ్చు, లేదా దానికి పేరు పెట్టి ఇంటి గడప కింద మళ్లీ పూడ్చి శాంతింపజేయవచ్చు. రెండో దారి ఎంచుకుంటే, ఆ తండ్రి ఆ వికృత శిశువును తన చేతుల్లో ఎత్తుకుని, వర్షంలో కోట గడప దాకా నడుస్తాడు. మనం పక్కన నడుస్తూ, అది కోపంతో రెచ్చిపోయినప్పుడల్లా ఆక్సి ముద్రతో దాన్ని ఊరడిస్తూ, మీదపడే దయ్యాలను కొడుతూ పోవాలి. అప్పటిదాకా పోరాటంలో శత్రువును లొంగదీయడానికి వాడిన మంత్రం అక్కడ జోలపాటలాంటి పని చేస్తుంది. నేను ఆడిన ఏ గేమ్‌లోనూ ఒక బటన్‌కు ఇంత బరువు ఇచ్చినచోటు చూడలేదు. బ్యారన్ చేసినదాన్ని గేమ్ ఎక్కడా సమర్థించదు. అతని దుఃఖాన్ని మాత్రం దాచదు. ఆ మనిషిని అసహ్యించుకుంటూనే అతని పక్కన నడవాల్సి రావడం ఆ పది నిమిషాల గొప్పతనం.

నిర్ణయాల ఫలితాలను ఈ గేమ్ వెంటనే చూపదు, మంచికి పచ్చ రంగు, చెడుకు ఎర్ర రంగు వేసి చెప్పదు. వెలెన్‌లో ఒక గుట్ట కింద బందీగా ఉన్న ఆత్మను విడిపించాలా, చంపాలా అన్నది తేల్చుకోవాల్సి వస్తుంది. రెండు దారుల్లోనూ ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు, అది ఎవరన్నది గంటల తర్వాత గాని తెలియదు. సిరి విషయంలోనూ అంతే. ఆమె చివరికి ఏమవుతుందన్నది పెద్ద యుద్ధాల్లో తేలదు. దుఃఖంలో ఉన్నప్పుడు ఆమెకు గ్లాసులో సారాయి పోశారా, లేక బయటికి తీసుకెళ్లి మంచు ముద్దలు విసురుకుంటూ ఆడారా, ఆమె తరఫున మీరే మాట్లాడారా, ఆమెను మాట్లాడనిచ్చారా అన్న చిన్నచిన్న సందర్భాల్లో తేలుతుంది. నేను మొదటిసారి ప్రతిచోటా పెద్దవాడిలా ఆమెను కాపాడబోయి, చివరికి ఆమెను పోగొట్టుకున్నాను. ఆ ముగింపు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లల్ని పెంచేవాళ్లు ఈ భాగాన్ని ప్రత్యేకంగా ఆడాలని కోరుకుంటాను.

అయితే ప్రధాన కథ మధ్యలో కుంటుతుంది. నొవిగ్రాడ్‌లో గెరాల్ట్ స్నేహితుడైన గాయకుడిని వెతికే భాగం, ఒకరిని అడిగితే ఇంకొకరి దగ్గరికి, వాళ్ల పని చేసిపెడితే మరొకరి దగ్గరికి పంపుతూ గంటల తరబడి సాగుతుంది. సిరి ప్రమాదంలో ఉందన్న తొందర ఒకవైపు, ఊరూరా ‘గ్వెంట్’ పేకాట ఆడుతూ తిరిగే స్వేచ్ఛ మరోవైపు, ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. గ్వెంట్ మాత్రం తనంతట తాను చక్కని ఆట. మా అక్క కొడుకు సిరి మాటే మరిచి సత్రాల్లో పేకలు గెలుచుకుంటూ రెండు వారాలు గడిపాడు.

కదలిక విషయంలో గెరాల్ట్ మొండివాడు. ఒకచోట ఆగమంటే రెండడుగులు వేసి ఆగుతాడు, ఇరుకు గదిలో తిరగమంటే లారీలా వంపు తీసుకుంటాడు. 2015లోనే ఒక అప్‌డేట్‌లో ప్రత్యామ్నాయ కదలిక పద్ధతి ఇచ్చారు. సెట్టింగుల్లోకి వెళ్లి ముందుగా దాన్ని పెట్టుకోవాలి. గుర్రం రోచ్ రోడ్డు మీద పట్టు వదిలినా దారి పట్టుకుని పరుగెత్తుతుంది, ఆ సుఖం గొప్పది. కంచెలు, చిన్న గోడలు అడ్డొస్తే మాత్రం బిగుసుకుపోతుంది. ఇక ఎత్తు నుంచి దూకడం. మా అక్క కొడుకు మా ఇంటికి వచ్చి పాత రూపంలో ఆడిన మొదటి రోజే మెట్ల పక్కనుంచి దూకి చచ్చి, నావైపు తిరిగి అడిగాడు: “ఏం మామా, గ్రిఫిన్‌ని సంపినోడు ఇంత మాత్రం ఎత్తుకే సచ్చిపోతాడా?” వాడి ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. 2022 అప్‌డేట్‌లో ఈ ఎత్తును పెంచారు కాబట్టి ఇప్పుడు ఆడేవారికి ఆ బాధ తగ్గింది.

సంచి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాలుగు వందల గంటల్లో ఎన్ని గంటలు దానితో పోయాయో తలచుకుంటేనే బాధేస్తుంది. ప్రతి పెట్టెలో, ప్రతి బస్తాలో ఏదో ఒకటి దొరుకుతుంది: విరిగిన పార, కొవ్వొత్తి, బొమ్మ, తోలు ముక్క. ఏది పనికొస్తుందో తెలియక అన్నీ ఏరుకుంటాము, బరువు మించితే గెరాల్ట్ పరుగెత్తలేడు. అమ్మబోతే వర్తకుల దగ్గర డబ్బు ఉండదు. కత్తిని కమ్మరికి అమ్మితే వచ్చే ధర మిగతా కొట్లలో రాదు కాబట్టి కొట్టుకొట్టుకూ తిరగాలి. ఇంకా నొచ్చుకునే విషయం ఒకటుంది. యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న పేదరాలి గుడిసెలోకి వెళ్లి, ఆమె చూస్తుండగానే పెట్టె తెరిచి ఉన్నదంతా ఊడ్చుకుపోయినా ఆమె పెదవి విప్పదు. సైనికుడు చూస్తేనే గొడవ. అదే ఊళ్లో ఆ పేదరికం గురించి గెరాల్ట్ సానుభూతిగా మాట్లాడతాడు. మాట ఒకటి, చేత ఒకటి అయినప్పుడు నమ్మకం నిలవదు. నేను మూడోసారి ఎవరి ఇంట్లోనూ ఏమీ ముట్టుకోలేదు, డబ్బుకు ఎక్కడా కొరత రాలేదు.

మ్యాప్ మీది ప్రశ్నార్థకాలు ఇలాంటి చెత్తలో భాగమే. ముఖ్యంగా స్కెలిగె సముద్రంలో, పడవ వేసుకుని నీళ్లలో తేలే దొంగసరుకు పీపాలను తెరుస్తూ పోతే రోజులు గడిచిపోతాయి గానీ ఒక్క మంచి కథ దొరకదు. వాటిని నిర్భయంగా వదిలేయవచ్చు. కొత్త అప్‌డేట్‌లో ఆ గుర్తులను మొదటినుంచే దాచే ఏర్పాటు చేశారు, అది మంచి పని. ఆనవాళ్లు వెతికే ‘విచర్ చూపు’ కూడా మొదట్లో ఉన్నంత ఆసక్తి నిలుపుకోదు. ఎర్రగా మెరిసే అడుగుజాడల వెంట నడవడమే తప్ప మనం నిజంగా ఊహించాల్సింది తక్కువ. గెరాల్ట్ అన్నీ తానే చెప్పేస్తాడు, ఇంత మంచి రచనలో ఆడేవాడి బుర్రకు కూడా కొంత పని మిగిల్చి ఉంటే బాగుండేది.

చూపులకు, చెవులకు ఈ లోకం ఇప్పటికీ పాతబడలేదు. వెలెన్‌లో గాలివాన ముందు చెట్లు ఊగే తీరు, సాయంకాలపు వెలుగు చిత్తడినేల మీద పడే తీరు కోసమే నేను చాలాసార్లు గుర్రం దిగి నిలబడ్డాను. దారికంబాల దగ్గర తప్ప వేగప్రయాణం, అంటే క్షణంలో మరో చోటికి చేరడం, చేయలేము కాబట్టి కొంతైనా స్వారీ తప్పదు, ఆ స్వారీలోనే ఈ లోకం మనసుకు ఎక్కుతుంది. సంగీతానికి మార్చిన్ ప్షిబిలోవిచ్‌తో పాటు పెర్సివల్ అనే పోలిష్ జానపద బృందం పనిచేసింది. పోరాటం మొదలవగానే ఆ బృందం గొంతెత్తితే, జాతరలో డప్పు వినిపించినప్పటిలాగే ఒంట్లో ఏదో కదులుతుంది. ఇంగ్లీషులో డగ్ కాకిల్ గొంతు గెరాల్ట్‌కు అతికినట్టు సరిపోయింది. మూడోసారి పోలిష్ మాటలు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు కింద చదువుతూ ఆడాను, పల్లె సన్నివేశాలు ఇంకా సొంతంగా అనిపించాయి. తెలుగులో మాటలు గాని, అక్షరాలు గాని లేవు. మాటలే ప్రాణమైన గేమ్ కాబట్టి ఇంగ్లీషు వేగంగా చదవలేనివారికి ఇది నిజమైన అడ్డంకి. పక్కన కూర్చుని ఎవరైనా చెబుతూ ఉంటే తప్ప సగం అందం అందదు.

కంప్యూటర్ విషయానికొస్తే, నాది జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు యంత్రం. తెర మీద బొమ్మలు గీసే పాత డైరెక్ట్‌ఎక్స్ 11 పద్ధతిలో, మధ్యస్థ సెట్టింగుల్లో, జుట్టు కదలికల ఏర్పాటు ఆపేస్తే హాయిగా నడుస్తుంది. కొత్త అప్‌డేట్‌లోని, వెలుగునీడలను నిజంలా చూపే రే ట్రేసింగ్ ఇలాంటి కార్డులకు కాదు. డిస్కులో 50 జీబీ ఖాళీ ఉంచుకోవాలి. మే నెలలో మా గదిలో కేబినెట్ పక్కరేకు తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి, వారానికొకసారి దుమ్ము దులిపితేనే కార్డు వేడి అదుపులో ఉండేది. మనవైపు ఎండలకు ఈ జాగ్రత్త అవసరం. పోరాటం జరుగుతుండగా సేవ్ చేయడం కుదరదు, కరెంటు పోతే పోయినట్టే. నేను ఒకసారి గంటన్నర ఆట ఇలా పోగొట్టుకున్న తర్వాత చిన్న యూపీఎస్ కొన్నాను. ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే వీలుండడం, జీవోజీ అనే ఆన్‌లైన్ కొట్టులో కొన్నవారికి నకళ్లను అడ్డుకునే తాళాల గొడవ కూడా లేకపోవడం మన ఊళ్లకు పెద్ద సదుపాయం. కథాదృశ్యాలను మధ్యలో ఆపే వీలు 2022 దాకా లేదు. కింది నుంచి అమ్మ పిలిస్తే సన్నివేశం పోగొట్టుకుని పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు ఆపి వెళ్లవచ్చు. ఇది పద్దెనిమిదేళ్లు నిండినవారికి ఉద్దేశించినది. నగ్నత్వం, రక్తపాతం దాపరికం లేకుండా ఉంటాయి కాబట్టి హాల్లో అందరి మధ్య పెట్టి ఆడదగినది కాదు.

చివరగా రెండు అదనపు భాగాలు. 2015 అక్టోబరు 13న వచ్చిన ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’ చిన్నది, దానిలో కోరికలు తీర్చి బదులు ఆత్మలను అడిగే అద్దాల వర్తకుడు ఉన్నాడు. ప్రధాన కథలో సిరిని వెంటాడే వైల్డ్ హంట్ రౌతుల గుంపు కంటే ఈ ఒక్క మనిషి ఎక్కువ భయపెడతాడు. అదే భాగంలో కవచాలకు మంత్రాక్షరాలు చెక్కేవాడి దుకాణాన్ని పూర్తిగా నిలబెట్టడానికి 30,000 నాణేలు కావాలి. అంత ఖర్చుకు తగిన ఫలితం నాకు కనబడలేదు. 2016 మే 31న వచ్చిన ‘బ్లడ్ అండ్ వైన్’ మాత్రం తనంతట తాను ఒక పూర్తి గేమ్ అనదగినంత పెద్దది. ద్రాక్షతోటల మధ్య గెరాల్ట్‌కు సొంత ఇల్లు దొరుకుతుంది, ఊరూరా తిరిగినవాడికి మంచం, అలమర, గోడకు కత్తులు తగిలించుకునే చోటు ఏర్పడతాయి. ప్రధాన కథ ముగించాకే, ఈ వరుసలోనే వీటిని ఆడండి. మొదటిదానికి ముప్పయ్యో లెవెల్, రెండోదానికి ముప్పై నాలుగు దాటి ఉంటే ఇబ్బంది ఉండదు.